పట్టా వెలుపలి చదువు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

విజ్ఞానశాస్త్రంలో పట్టభద్రులు కానున్న విద్యార్థినీ విద్యార్థులను ప్రతి సంవత్సరమూ ఒకే ప్రశ్న వేధిస్తూ ఉంటుంది. బి.ఎస్సీ. పూర్తి అయిన పిదప ఏమిటి? వైద్య కళాశాలలోనో, ఇంజనీరింగు కళాశాలలోనో ప్రవేశం లభింపక ఈ చదువులోకి వచ్చినవారు మనలో అనేకులు. కాశిబుగ్గ పరిసరాల నుండి వచ్చే మన విద్యార్థులలో తమ ఇంటిలో మొట్టమొదట కళాశాల గడప తొక్కినవారు కొద్దిమంది కారు. తండ్రి ఎనుమాముల మార్కెట్టులో బస్తాలు మోస్తూనో, కుట్టుమిషను ముందు కూర్చుండియో కుమారుని చదివిస్తున్నాడు. ఆ కుమారునికి గాని, కుమార్తెకు గాని ప్రయోగశాల అంటే వారానికి రెండు పూటలు, రికార్డు పుస్తకం, చివర ఒక పరీక్ష. అంతకు మించి విజ్ఞానశాస్త్రంలో మనకేమి స్థానమున్నదని అడిగే మిత్రులకు ఉద్యోగ ప్రకటనల పట్టిక ఇచ్చుటకంటే ఒక మనిషి జీవితాన్ని సవిస్తరంగా చెప్పడం మేలని తోచి ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

ఆ మనిషి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు విననివారు తెలుగునాట అరుదు. అయితే చాలామందికి ఆయన పాఠ్యపుస్తకంలోని ఒక చిన్న పాఠం మాత్రమే. కనిపెట్టిన మందుల పేర్లు నాలుగు వల్లించి ఊరుకుంటాము. ఆ మందుల దాకా ఆయన ఏ దారిని నడిచారో, ఆ దారిలో ఎన్ని తలుపులు మూసుకొన్నాయో చెప్పుకొనేది తక్కువ.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యంవల్ల ముందుగానే ఉద్యోగం విరమించవలసి వచ్చింది. ఏడుగురు సంతానంలో నాలుగవవాడు సుబ్బారావు. ఇల్లు గడవడమే కష్టం. తల్లి వెంకమ్మ మిక్కిలి పట్టుదల గల స్త్రీ. కొడుకు చదివి తీరవలెనన్నది ఆమె నిశ్చయం. కొడుకు నిశ్చయం మాత్రం వేరుగా ఉండేది. పదమూడేళ్ళ ప్రాయంలో, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించవచ్చునని ఇల్లు విడిచి బయలుదేరాడు. పెద్దలు పట్టి తెచ్చి మరల బడిలో కూర్చుండబెట్టారు. రాజమహేంద్రవరంలో కొంత చదివి, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషను గట్టెక్కాడు. పరీక్ష తప్పినవాడు పనికిమాలినవాడని తేల్చివేసే మన సమాజం ఈ మూడవ ప్రయత్నాన్ని ఒక క్షణం ఆగి చూడవలసి ఉంటుంది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు ముగించేనాటికి ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యసించుటకు తల్లి అంగీకరించలేదు. వైద్యం నేర్చి రోగులకు సేవ చేయుట కూడ సాధనయే అని మఠంలోని పెద్దలు నచ్చజెప్పడంతో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. మిత్రులు, ఆ తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ధన సహాయం చేశారు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది.

అవి గాంధీజీ పిలుపుతో యువకులు విదేశీ వస్త్రాలను విసర్జిస్తున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి సైతం ఖద్దరు అంగీ ధరించి వెళ్ళారు. శస్త్రచికిత్సాచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది రుచించలేదు. వ్రాత పరీక్షలలో చక్కగా రాణించినప్పటికీ చివరకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ఈ ఉదంతాన్ని దేశభక్తి గాథగా చెప్పుకొని సంతోషించడం మనకు పరిపాటి. కాని ఆనాడు ఆ యువకునికి దాని ఫలితం మిక్కిలి కఠినమైనది. మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఇంటిలో అప్పు ఉంది, పెండ్లి అయింది, చేతిలో ఉన్న పట్టా చిన్నది.

ఆ మధ్యకాలంలోనే ఆ ఇంటిపై పిడుగు పడింది. స్ప్రూ అని వైద్యులు పిలిచే సంగ్రహణి వ్యాధితో అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో మరణించారు. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి ఎండిపోయి రాలిపోయే వ్యాధి అది. దానికి ఆనాటి పాశ్చాత్య వైద్యంలో మందు లేదు. కారణం కూడ తెలియదు. సుబ్బారావుకు కూడ ఆ వ్యాధి సోకింది. సుప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు.

ప్రభుత్వోద్యోగం రానివాడు లక్ష్మీపతిగారు నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే అధ్యాపకుడుగా చేరాడు. అల్లోపతి చదివిన వైద్యునికి ఇది చాటుమాటు ఉద్యోగంగా లోకం చూచి ఉంటుంది. ఆయన మాత్రం అక్కడ మూలికల గుణాలను గురించి, మందులు పనిచేసే రీతిని గురించి ఆలోచించడం ఆరంభించారు. ఒక మందు రోగాన్ని కుదిర్చిందని తెలిసినప్పుడు, దానిలోని ఏ పదార్థం కుదిర్చింది, ఎట్లు కుదిర్చింది అన్న ప్రశ్న ఆయనకు పట్టుకొన్నది. తన దేహమే దానికి సాక్ష్యం. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల ప్రయోగశాల మద్రాసులో లేదు. అప్పుడు యాదృచ్ఛికంగా పరిచయమైన ఒక అమెరికను వైద్యుడు అమెరికాలో పరిశోధనకు గల అవకాశాలను గూర్చి చెప్పగా ఆయన దృష్టి ఆ వైపు తిరిగింది.

సముద్ర ప్రయాణానికి, చదువుకు డబ్బు కావలెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగిలినది మామగారు సమకూర్చారు. మన వ్యాసాలలో గొప్పవారి పట్టుదలను గూర్చి వ్రాస్తాముగాని, వారికి అందిన వజీఫాను గూర్చి వ్రాయము. ఒక వర్తకుడు రంగూనులో గడించి తన మరణానంతరం చదువుల నిమిత్తం విడిచిపోయిన సొమ్ము, ఒక మామగారి పూచీ, ఈ రెండూ లేకపోతే సుబ్బారావు ఓడ ఎక్కి ఉండేవారు కారు. అర్జీ పెట్టుటకు సిగ్గుపడే విద్యార్థులకు ఈ మాట చెప్పవలసి ఉన్నది. మైనారిటీ వర్గాల పరిశోధక విద్యార్థులకు ఉపయోగపడిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022లో నిలిపివేసింది. ఇది నిజంగా ఒక తలుపు మూసివేయడమే. మన రాష్ట్రంలో మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యకై 2015లో ఏర్పడిన ఉపకార వేతన పథకాన్ని గూర్చి తెలిసినవారు మన తరగతులలో ఎందరున్నారో చేతులెత్తించి చూస్తే, పథకాల కొరతతోబాటు సమాచారపు కొరత కూడ బయటపడుతుంది.

1922 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్ నగరం చేరారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో డిప్లొమాకు చేరారు. చదువుకు చోటు దొరికినది గాని జీతభత్యాలు లేవు. పగలు తరగతులు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో పోర్టరు పని. రోగుల మలమూత్ర పాత్రలు తీసి శుభ్రం చేసే పని అది. స్వదేశంలో వైద్యుడు, ఒక కళాశాలలో అధ్యాపకుడు అయిన ముప్పదేళ్ళకు చేరువైన మనిషి దానిని చేశాడు. అదే కాలంలో స్వదేశంలో శేషగిరికి కలిగిన కుమారుడు తండ్రిని చూడకుండానే పసితనంలో మరణించాడు. ఆ వార్త ఉత్తరంలో చేరింది.

డిప్లొమా ముగిసిన తరువాత ఆయన హార్వర్డు వైద్య విద్యాలయపు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుని వద్ద చేరారు. ఉష్ణమండల వైద్యం చదువ వచ్చినవాడు రసాయన శాస్త్రంలోకి మారాడన్నమాట. ఇక్కడ మన విద్యార్థులు కొంత నిదానించవలెనని నా కోరిక. ఎందుకంటే ఆయన పేరు ప్రపంచానికి మొదట తెలిసినది ఏ మందువల్లనూ కాదు, ఒక కొలత పద్ధతివల్ల.

రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలుచుట వైద్యులకు అవసరం. ముందున్న పద్ధతులు ఆలస్యమైనవి, అంతగా నమ్మదగినవి కావు. ఫిస్కే, సుబ్బారావులు 1925లో ప్రకటించిన పద్ధతి మన బి.ఎస్సీ. విద్యార్థికి సులభంగా అర్థమయ్యేదే. ముందుగా రక్తం నుండి మాంసకృత్తులను తొలగించవలె. మిగిలిన ద్రావణానికి ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేటు చేర్చితే అందులోని ఫాస్ఫేటు దానితో కలిసి ఫాస్ఫోమాలిబ్డేటుగా మారుతుంది. దానిని తగిన క్షయకరణితో క్షయకరించితే నీలిరంగు పుట్టుతుంది. భాస్వరం ఎంత ఎక్కువయితే నీలం అంత చిక్కన. తెలిసిన ప్రమాణ ద్రావణంతో ఆ రంగును పోల్చి లెక్క కట్టవచ్చును. వారు ఎంచుకొన్న క్షయకరణి అమినోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లం. దాని ఎంపికలోనే వారి నేర్పు ఉన్నది. నేటికి నూరేళ్ళు నిండినా ఫిస్కే-సుబ్బారావు పద్ధతి జీవరసాయన ప్రయోగ పుస్తకాలలో నిలిచి ఉన్నది. కలోరిమీటరు ముందు నిలబడి ఆ నీలిరంగు చూచిన విద్యార్థులలో ఎందరికి అది ఒక భీమవరం మనిషి పేరున ఉన్నదని తెలుసునో!

ఆ కొలత పద్ధతి నుండే తరువాతి ఆవిష్కరణ పుట్టింది. తాజా కండరం నుండి తీసిన ద్రావణంలో భాస్వరాన్ని కొలుస్తూండగా ఒక చిక్కు ఎదురయింది. రంగు రావలసినంత త్వరగా రాలేదు. మెల్లమెల్లగా చిక్కనవుతూ పోయింది. ఇటువంటిది మన ప్రయోగశాలలో జరిగితే ఏమి చేస్తాము? రసాయనం పాతబడిందని పారబోసి, ప్రక్కవాని రీడింగు రికార్డులో ఎక్కిస్తాము. వారు ఆ ఆలస్యాన్ని పట్టుకొని కూర్చున్నారు. కండరంలో ఫాస్ఫేటు అంతా విడిగా లేదు. కొంత భాగం ఏదో ఒక పదార్థంతో వదులుగా బంధింపబడి ఉన్నది. ఆమ్లం తగిలేకొలది అది విడివడుతూ రంగు ఇస్తున్నది. ఆ పదార్థం క్రియాటిన్ అని తేలింది. ఆ రెండూ కలిసిన ఫాస్ఫోక్రియాటిన్‌ను వారు 1927లో లోకానికి తెలిపారు. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుంది. విశ్రాంతిలో మరల పెరుగుతుంది. ఇంగ్లండులో ఎగుల్‌టన్ దంపతులు కూడ అదే కాలంలో ఈ పదార్థపు జాడ పట్టారు.

దీని ప్రాముఖ్యం ఆ కాలపు శాస్త్ర స్థితి తెలిస్తేనే బోధపడుతుంది. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్ముతున్న రోజులవి. ఆ రంగంలో కృషికి హిల్, మేయర్‌హాఫ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం లభించింది. ఆ నమ్మకం కదిలిపోయింది. 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరం నుండి ఎ.టి.పి. అనే అడినొసిన్ ట్రైఫాస్ఫేటును వేరు చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా అదే సంవత్సరం దానిని కనుగొన్నాడు. చీమ మొదలు ఏనుగు దాకా, పచ్చగడ్డి మొదలు మనిషి దాకా జీవకణాలలో శక్తి చెలామణీ అయ్యే నాణెం ఇదేనని తరువాతి శాస్త్రం నిర్ధారించింది. 1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టా లభించింది.

ఇంతటి కృషి చేసినవానికి హార్వర్డులో ఆచార్య పదవి తప్పక వచ్చి ఉంటుందని పాఠకులు ఊహిస్తారు. రాలేదు. తరువాతి పదేండ్లూ ఆయన అక్కడ చిన్న స్థానాలలోనే గడిపారు. తన పేరు ముందుకు తెచ్చుకొను స్వభావం ఆయనకు లేదు. పైగా ఆసియావారు అమెరికా పౌరులు కాకుండా చట్టాలు అడ్డుగా ఉన్న కాలమది. ఆ పదేండ్లలో ఆయన కాలేయంలోని రక్తవర్ధక పదార్థాల వెంట, విటమినుల వెంట పడ్డారు. పశువుల కాలేయాన్ని రాశులుగా తెచ్చి, దాని సారాన్ని వడగట్టి, ఒక్కొక్క భాగాన్ని వేరుచేసి పరీక్షించే పని. ప్రమాదకరమైన ఒక జాతి పాండురోగాన్ని కాలేయం కుదురుస్తుందని అప్పటికే తెలుసు. అందులోని ఏ పదార్థమన్నదే ప్రశ్న. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో మొదలయిన ప్రశ్న. నిజం చెప్పవలెనంటే ఆ పదార్థం ఆయనకు చిక్కలేదు. అది బి12 విటమిను అని 1948లో వేరే ప్రయోగశాలలు తేల్చాయి. కాని దానిని వెదకుతూ నేర్చుకొన్న విద్య వృథా పోలేదు.

1940లో ఆయన విశ్వవిద్యాలయం విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అది మందుల కంపెనీ. అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. కళాశాల బోధనయే విజ్ఞానశాస్త్ర విద్యార్థికి పరమ గమ్యమని, కంపెనీ ఉద్యోగం తక్కువదని మన పెద్దలలో ఒక భావన ఉండేది; ఇప్పుడది తారుమారై జీతం ఎక్కడ ఎక్కువయితే అదే గమ్యమయింది. రెండు అభిప్రాయాలూ ఈయన జీవితం ముందు నిలువవు. హార్వర్డులో ఇద్దరు ముగ్గురితో చేసిన పని లెడర్లీలో పెద్ద బృందంతో చేయగలిగారు. రసాయనికుడు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు, జంతు శరీర శాస్త్రజ్ఞుడు, వైద్యుడు ఒకే సమస్య చుట్టూ కూర్చున్నారు. వారిలో ఒక్కరికి కూడ మిగిలినవారి విద్య పూర్తిగా తెలియదు. అందరి భాషా తెలిసినవాడు సుబ్బారావు. ఎందుకంటే ఆయన వైద్యం, ఆయుర్వేదం, ఉష్ణమండల రోగాలు, రసాయనం అన్నింటి గడపలూ త్రొక్కి వచ్చినవాడు.

ఫోలిక్ ఆమ్లపు కథ ఇక్కడ జరిగింది. దీని ఆరంభం మన దేశంలోనే ఉన్నది. ఒకప్పుడు మన వరంగల్లులో ఆజంజాహి మిల్లు ఉన్నట్లే బొంబాయిలో బట్టల మిల్లులు అనేకం ఉండేవి. అక్కడి శ్రామిక స్త్రీలు గర్భవతులైనప్పుడు రక్తక్షీణతతో మరణించేవారు. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు ఈస్టు సారం తినిపిస్తే వారు కోలుకొంటున్నారని 1931లో ప్రకటించింది. ఈస్టులో ఉన్నది ఏమిటో తెలియదు. 1941లో టెక్సాసులో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి అణుమాత్రపు పదార్థం తీసి, ఆకు అను అర్థం గల లాటిను మాట నుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. నాలుగు టన్నుల ఆకుకు చిటికెడు మందు వస్తే ఏ పేదవానికి అందుతుంది? దాని నిర్మాణం తెలుసుకొని కృత్రిమంగా తయారు చేయవలె. సుబ్బారావు బృందం 1945లో దానిని సాధించింది. ఆ ఫలితాన్ని ప్రకటించిన పత్రంపై పదహారుమంది పేర్లున్నవి. పరిశోధనకు అధిపతి అయిన సుబ్బారావు పేరు ఆ వరుసలో ఎక్కడో నడుమ ఉంటుంది.

ఆ మందు వైద్యుల చేతికి రాగానే దానిని క్యూబాలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూచారు. ఎండిపోయిన మనుషులు తేరుకొన్నారు. అన్ననూ తమ్ముణ్ణీ ఎనిమిది రోజులలో పోగొట్టుకొన్న ఇరవై అయిదేండ్ల తరువాత, ఆ వ్యాధికి మందు వారి సోదరుని ప్రయోగశాల నుండి వెలువడింది. ఈనాడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భవతులకు ఉచితంగా ఇచ్చే ఇనుము మాత్రలలో కలిసి ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఇంటికి తెచ్చి అటకమీద పెట్టి మరచే మాత్రలు!

ఫోలిక్ ఆమ్లం కణాల వృద్ధికి అవసరమని తెలిసిన తరువాత మరొక ఆలోచన వచ్చింది. దానిని పోలినట్లుండి దాని పనిని అడ్డగించే పదార్థాన్ని తయారుచేస్తే, మితిమీరి పెరిగే కణాలు ఆగిపోవునా? లెడర్లీ బృందం అట్టి పదార్థాలను తయారుచేసి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యునికి అందించింది. అమినోప్టెరిన్ అను మందును రక్తపు క్యాన్సరుతో బాధపడుతున్న పదహారుమంది పిల్లలకు ఇవ్వగా పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసినట్లు 1948లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ పిల్లలు శాశ్వతంగా స్వస్థులు కాలేదు. ఆ సంగతి దాచకూడదు. కాని మందుతో రక్తపు క్యాన్సరును వంచవచ్చునని మొదట తెలిసినది అప్పుడే. దాని తోడి మందు మెథోట్రెక్సేటు నేటికీ క్యాన్సరులోను కీళ్ళ వాతంలోను వాడుకలో ఉన్నది.

బోదకాలు వ్యాధికి మందు కూడ ఆ సంవత్సరాలలోనే వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ ద్వీపాలకు వెళ్ళిన అమెరికను సైనికులకు ఫైలేరియా సోకడంతో దీని అవసరం అమెరికాకు తెలిసింది. మన గోదావరి జిల్లాలవారికి ఎన్నడో తెలుసు. లెడర్లీ ప్రయోగశాలలు 1947లో హెట్రజాన్ పేరున వెలువరించిన డైఇథైల్ కార్బమజీను ఆ పురుగుల పాలిటి శత్రువు. 2004 నుండి మన దేశంలో వ్యాధి ఉన్న జిల్లాలలో ఇంటింటికీ పంచిపెట్టిన మాత్రలలో ముఖ్యమైనది అదే.

ఆరియోమైసిన్ సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దానిని కనుగొన్న ఖ్యాతి బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞునిది. విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ పొందిన డెబ్బది ఏండ్లు దాటిన ఆచార్యుణ్ణి లెడర్లీ తెచ్చుకొన్నది. ఆయన మిస్సోరీ నేలలోని మట్టి నుండి బంగారు వన్నె గల సూక్ష్మజీవిని పట్టి 1945లో ఆ మందుకు దారి తీశాడు. అది టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం మందుల దుకాణాల ముందు బారులు తీరింది ఈ జాతి మందు కొరకే. పెనిసిలిన్ లొంగదీయలేని క్రిములపై పనిచేసే మందును మట్టిలో వెదకించే కార్యక్రమాన్ని నడిపించినది సుబ్బారావు.

మన విద్యార్థికి ఇటువంటి ప్రయోగశాల ఎక్కడ దొరుకునని సందేహం కలుగవచ్చు. కాజీపేటలో రైలెక్కితే మూడు గంటలలోపే హైదరాబాదు. అక్కడ కణ జీవశాస్త్ర పరిశోధనకు సి.సి.ఎం.బి., రసాయన పరిశోధనకు ఐ.ఐ.సి.టి., పోషకాహార పరిశోధనకు జాతీయ పోషకాహార సంస్థ, వాటి చుట్టూ మందుల కర్మాగారాలు ఉన్నవి. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి వేసవి సెలవులలో రెండు నెలలపాటు విద్యార్థులను శాస్త్రజ్ఞుల వద్దకు పంపి భత్యం కూడ ఇస్తున్నవి. దరఖాస్తు చలికాలంలోనే పెట్టవలె. ఎం.ఎస్సీ.కి జామ్ పరీక్ష, పరిశోధన వేతనానికి సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్ష ఉన్నవి. వీటిని గూర్చి ఆఖరి సంవత్సరంలో, ఆఖరి నెలలో విచారించడం మన వాడుక. రెండవ సంవత్సరంలోనే ఒక అధ్యాపకుని వెంటబడి, ప్రయోగశాల తాళం తీయించుకొని, సిలబస్సులో లేని ఒక్క కొలతను సొంతంగా చేసి చూచినవానికి ఆ దరఖాస్తు ఫారంలో వ్రాయుటకు ఏదో ఒకటి ఉంటుంది.

సుబ్బారావు జీవితమంతా ప్రయోగశాలలోనే గడచినదనుకొంటే పొరబాటు. చివరి సంవత్సరాలలో విమానం నడపడం నేర్చుకొన్నారు. ఏబది ఏండ్లు నిండిన శాస్త్రజ్ఞుడు సెలవు దినాన చిన్న విమానంలో ఆకాశానికి ఎగిరేవారు. ఆ సంగతి చదివినప్పుడెల్లా కాశీకి అరటిపళ్ళు అమ్మబోయిన బాలుడే నాకు జ్ఞాపకం వస్తాడు.

కాని ఈ జీవితానికి ఖరీదు కట్టినవారు మరొకరున్నారు. 1922లో ఓడ ఎక్కినవాడు మరల స్వదేశానికి రాలేదు. రెండు మూడేండ్లలో తిరిగి వస్తారనుకొన్న శేషగిరి యావజ్జీవం ఎదురుచూచింది. ఉత్తరాలు వచ్చేవి, రావడం వాయిదా పడేది. ఒక ప్రయోగం ముగిసేలోగా మరొకటి మొదలయ్యేది. ఆమె త్యాగాన్ని కొనియాడి ఊరుకోవడం సులభం. ఆమెను ఎవరైనా అడిగి ఉంటే ఈ ఏర్పాటుకు సమ్మతించి ఉండేదో లేదో మనకెవరికీ హక్కుగా చెప్పరాదు. అమెరికాలో భారతీయులకు పౌరసత్వం ఇచ్చుటకు 1946లో చట్టం వచ్చింది. సుబ్బారావు మాత్రం కడవరకూ భారతీయ పౌరులుగానే ఉండిపోయారు.

1948 ఆగస్టులో, స్వతంత్ర భారతదేశానికి ఏడాది నిండుటకు కొద్ది రోజుల ముందు, న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించారు. వయస్సు ఏబదిమూడేండ్లు. ఆరియోమైసిన్‌ను లోకం ఎరిగినది ఆ సంవత్సరమే. ఆయన తోడివారు 1953లో కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్ర జాతికి సుబ్బరోమైసిస్ అని పేరుపెట్టారు. స్వదేశం ఆయన శతజయంతి సందర్భంగా 1995లో ఒక తపాలా బిళ్ళ విడుదల చేసింది. అప్పటికి ఆయన తొలి పరిశోధనా పత్రం వెలువడి డెబ్బది ఏండ్లయింది.